ఇంటి లోడు

ఆయన లారీ నలభై దాటదు. దాటలేక కాదు, ఆయన దాటనివ్వడు. ముందు రోడ్డు ఖాళీగా పడుకుని ఉన్నా, వెనక బళ్ళవాళ్ళు హారన్లు నొక్కి నొక్కి వేళ్ళు నొప్పెట్టి ఊరుకున్నా, ముల్లు నలభై మీదే కాళ్ళు బారజాపుకుని కూర్చుంటుంది. అందుకే లారీల అడ్డాలో అందరూ ఆయన్ని నలభై అంటారు. పెద్దవాళ్ళకి 'ఒరే నలభై', చిన్నవాళ్ళకి 'నలభై అన్న'. అసలు పేరు లైసెన్సు మీద ఉంటుంది, భార్యకి ఒళ్ళు మండినప్పుడు నోట్లో ఉంటుంది. ఇంకెక్కడా వినపడదు.

లారీ సొంతం. ఆకుపచ్చ రంగు. వెనక తలుపు మీద 'తొందరుంటే నిన్ననే బయల్దేరాల్సింది' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. అది చదివి నవ్వినవాళ్ళూ ఉన్నారు, పక్కనుంచి దాటేటప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ ఒకేలా చెయ్యి ఊపుతాడు.

ఇంత నిదానమైన మనిషి జీవితంలో ఒక్కసారే నలభై దాటాడు, అదీ కోపంలో. దాటినవాడు మళ్ళీ కిందికి దిగడం తెలియక అక్కడే ఉండిపోయాడు.

సంగతేమిటంటే, ఆయన ఊళ్ళోకి ఒక పెద్ద లారీల కంపెనీ వచ్చింది. వాళ్ళ బళ్ళన్నీ నీలం. ఒక తల్లి కన్న పిల్లల్లా అన్నీ ఒకే పోలిక. బిస్కెట్ల ఫ్యాక్టరీ, పైపుల ఫ్యాక్టరీ, సబ్బుల ఫ్యాక్టరీ ఒకదాని తర్వాత ఒకటి లోడ్లన్నీ పట్టుకెళ్ళి ఆ కంపెనీ చేతిలో పెట్టేశాయి. సొంత బళ్ళవాళ్ళ అడ్డాలో ఒకప్పుడు లారీకీ లారీకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి. ఇప్పుడు అక్కడ పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. కొందరు బళ్ళు అమ్మేశారు. కొందరు నీలం రంగు వేయించుకుని కంపెనీ కిందకి చేరారు. ఆ గేటులో నా టైరు కూడా పెట్టనని నలభై అందరి ముందూ టీ గ్లాసు పట్టుకుని ఒట్టేశాడు. టీ కొట్టాయన గ్లాసు జాగ్రత్త అన్నాడు.

సరిగ్గా ఆ తర్వాతే ఆయన ఒక్కగానొక్క కూతురికి ఉద్యోగం వచ్చింది. నీలం కంపెనీలోనే, లోడ్ డెస్కులో. ఏ బండికి ఏ లోడు ఇవ్వాలో తెర మీద చూసి చెప్పే పని. పిల్ల మిఠాయి పెట్టె పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక ఏ కంపెనీ అని అడిగాడు. చెప్పింది. నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలియక కాసేపు అలాగే నిలబడి, చివరికి మింగి, వెళ్ళి పడుకున్నాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడడం మానేశాడు.

మానేశాడంటే పూర్తిగా మానేశాడని కాదు. వాళ్ళావిడ ద్వారా మాట్లాడేవాడు. పిల్ల చేతికందే దూరంలో కూర్చుని చెప్పులు వేసుకుంటుంటే, ఆవిడగారిని గొడుగు తీసుకెళ్ళమను, మబ్బు పట్టిందీ అని భార్యకి చెప్పేవాడు. ఆయనగారికి చెప్పమ్మా, నేను రెయిన్‌కోటు కొనుక్కున్నానని పిల్ల తల్లికి చెప్పేది. పాపం ఆ తల్లి కొన్నాళ్ళు ఓర్చుకుంది.

"మధ్యలో నేనేమన్నా కరెంటు స్తంభాన్నా?" అంది ఒకరోజు. "ఇటునుంచి ఒక తీగ, అటునుంచి ఒక తీగ. మీ ఇద్దరి పౌరుషాలూ మోసి మోసి నా మెడ పట్టేసింది."

అని చెల్లెలింటికి వెళ్ళిపోయింది, రెండు రోజులు అక్కడే ఉంటానని. ఆ రెండు రోజులూ ఇల్లు చూడాలి. కుక్కరు కూతలు వేస్తుంటే నలభై సీలింగు ఫ్యాను వైపు చూసి, స్టవ్వు కట్టేస్తే బాగుండు కదా అన్నాడు. కూతురు కట్టేసి, గోడ గడియారంతో, వడ్డించమంటారేమో కనుక్కో అంది. ఫ్యానూ గడియారమూ కలిసి ఆ ఇంట్లో రెండు పూటలూ భోజనాలు కానిచ్చాయి.

ఇంట్లో ఉన్నప్పుడు ఇదంతా నవ్వులాటలాగే ఉండేది. లారీ ఎక్కి దూరం వెళ్ళాకే కష్టం. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఆయన ఏ ఊళ్ళో ఉన్నా సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఫోన్ చేసేది. నాన్నా, ఎక్కడున్నావు, ఏం కనపడుతోంది అని అడిగేది. ఈయన అద్దంలోంచి కనపడేవన్నీ చెప్పేవాడు. చెరుకు ట్రాక్టరు, తోక లేని కుక్క, పెళ్ళివాళ్ళ బస్సు. ఏమీ కనపడకపోతే కల్పించి చెప్పేవాడు. ఇప్పుడు ఆ వేళకి ఫోను కదలకుండా కూర్చుంటుంది. టైమెంతయిందో చూస్తున్నట్టు దానివైపు చూస్తాడు. టైము చూడడానికి చేతికి గడియారం ఉంది.

అలాంటి రోజుల్లో ఒక పరుపుల వ్యాపారి పాత పరిచయం కొద్దీ పిలిచి, దూరపు ఊరికి లోడు ఇచ్చాడు. పరుపులు దించేశాడు. తిరిగి వెళ్ళడానికి లోడు లేదు. సొంత బండివాడికి వెళ్ళేటప్పటి లోడు కడుపు నింపుతుంది, వచ్చేటప్పటి లోడు ఇల్లు నడుపుతుంది. ఖాళీ బండితో అంత దూరం వెనక్కి వెళ్ళడమంటే డీజిలు తగలేసి గాలి మోసుకెళ్ళడమే. ఆ ఊళ్ళో కూడా ఒకప్పుడు పెద్ద అడ్డా ఉండేది. వెతుక్కుంటూ వెళితే అక్కడ నీలం కంపెనీ యార్డు కనపడింది. నలభై దానికి ఎదురుగా రోడ్డవతల బండి ఆపుకుని, రోజూ ఆ గేటు వైపు వీపు పెట్టి వంట చేసుకుంటున్నాడు. ముసురు పట్టింది. పైన టార్పాలిన్ కట్టుకున్నా అన్నంలో చినుకులు పడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఇంటి లోడు సంగతి చెప్పుకోవాలి. అడ్డాలో లోడ్లు వరస ప్రకారం ఇస్తారు. ముందొచ్చిన బండికి ముందు. ఈ వరసకి ఒక్కటే మినహాయింపు. ఒక లోడు ఎవరి ఊరి వైపు వెళుతుందో, ఆ ఊరివాళ్ళలో ఇంటి మొహం చూసి ఎక్కువ కాలమైనవాడు ఎవడో, ఆ లోడు వాడిది. వాడు వరసలో చిట్టచివర ఉన్నా సరే. ముందున్నవాళ్ళు మాట్లాడకుండా బండి పక్కకి తీస్తారు. దానికి కాగితం లేదు, సంతకం లేదు, థాంక్సులు కూడా లేవు. తీసుకున్నవాడు అందరికీ టీ ఇప్పించి వెళ్ళాలి, అంతే. నలభైకి కూతురు పుట్టినప్పుడు ఆయన ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఊరి అడ్డాలో ఉన్నాడు. అక్కడివాళ్ళు ఈ నిదానం మనిషిని ముందుకు తోసి, ఇంటి లోడు ఎక్కించి పంపించారు. పిల్ల కళ్ళు సరిగ్గా తెరవకముందే వెళ్ళి చూసుకున్నాడు. నువ్వు నన్ను చూడకముందే నేను నిన్ను చూశానే అని ఆ కథ కూతురికి ఎన్నిసార్లు చెప్పాడంటే, సగంలో ఆయన దగ్గితే మిగతా సగం ఆ పిల్లే చెప్పేస్తుంది.

ముసురులో కూర్చుని ఉల్లిపాయ తరుగుతుంటే ఫోను మోగింది.

"నమస్కారమండీ, లోడ్ డెస్కు నుంచి మాట్లాడుతున్నాం."

'నమ' అనగానే గుర్తుపట్టాడు. పెట్టేయొచ్చు. కానీ ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు మండి, పెట్టేసే బొత్తాం కనపడలేదు. అలా అని ఆయన అనుకున్నాడు.

"చెప్పండి మేడం," అన్నాడు.

"మీ బండి ఖాళీగా ఉందని తెలిసిందండీ."

"ఎవరు చెప్పారండీ?"

"మీ ఇంట్లోవాళ్ళు."

"మా ఇంట్లోవాళ్ళకి ఊరందరికీ చెప్పందే తోచదండీ."

అటువైపు నవ్వు ఆపుకున్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గింది.

"మీకెదురుగా ఉన్న మా యార్డులో ఇంటి లోడు ఒకటుందండీ. పైపులు. తీసుకుంటారా?"

నలభై కత్తి కింద పెట్టాడు. ఆ కంపెనీలో లోడ్లకి నంబర్లే తప్ప పేర్లు ఉండవని అందరికీ తెలుసు. ఇంటి లోడు అనే మాట ఆ తెర మీద ఎక్కడ వెతికినా దొరకదు. అడ్డా టీ బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ పెరిగిన పిల్ల నోటికే వస్తుంది.

"గేటు లోపలికి రావాలాండీ?" అని అడిగాడు.

"రావాలండీ. పైపులు గోడ మీంచి విసరరు కదండీ."

"అలాగే మేడం. భోజనం చేశారా?" అది నోరు జారి వచ్చింది.

"చేశానండీ. మీరు కూడా చెయ్యండి. స్పీడు తగ్గించి జాగ్రత్తగా రండి డ్రైవర్ గారూ."

నలభైని పట్టుకుని స్పీడు తగ్గించమనడం. ఫోను పెట్టేశాకే నవ్వాడు. ఒక్కడే, ముసురులో, ఉల్లిపాయ చేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మంట పెట్టుకుని నవ్వాడు.

గేటు దగ్గర మాత్రం బండి ఆగింది. వాచ్‌మన్ రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఒట్టు గుర్తొచ్చింది. టైరు పెట్టనన్నాను కానీ పైపులు ఎత్తనన్నానా అని తనకి తనే ఒక లాయరు పాయింటు చెప్పుకున్నాడు. టైరు పెట్టకుండా పైపులెలా వస్తాయో ఆ లాయరుకీ తెలియలేదు. కాసేపు కళ్ళు మూసుకో అని స్టీరింగు మీద తట్టి బండికి చెప్పి, లోపలికి పోనిచ్చాడు. వాచ్‌మన్ ఒక నీలం జాకెట్టు ఇచ్చి తొడుక్కోమన్నాడు. అది భుజాల మీద వేసుకుని, ఒంటికి తగలకుండా మోచేతులు ఎడంగా పెట్టుకుని, రెక్కలు ఆరబెట్టుకునే కొంగలా నడిచాడు.

లోడు ఎక్కించేచోట వరసలో నిలబెట్టమన్నారు. పక్కన ఒక నీలం బండి. దాని డ్రైవరు ఈయన ఈడువాడే, పెద్ద మీసాలు. రేకుల షెడ్డు కింద టీ మిషను దగ్గర ఇద్దరూ కలిశారు. ఆ మీసాలాయన కూడా ఒకప్పుడు సొంత బండివాడేనట. లోడ్లు లేక అమ్మేసి ఇందులో చేరాడట. జీతం వేళకి వస్తుంది, అబద్ధం చెప్పకూడదు అన్నాడు. కానీ క్యాబిన్‌లో ఒక కెమెరా పెట్టారట. ఆవలిస్తే కీ అంటుంది, పక్కకి చూస్తే కీ అంటుంది. మా అత్తగారు కూడా ఇంత కనిపెట్టుకుని ఉండేది కాదు అన్నాడు. నలభైకి ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని ఉంది కానీ కుదరడం లేదు. మాటల్లో ఊరు అడిగితే ఇద్దరిదీ ఒకే ఊరు. రైలు గేటుకి ఇటువైపు ఈయన, అటువైపు ఆయన.

ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందని నలభై అడిగాడు. అడ్డాలో మనిషిని కలిస్తే అడిగే మొదటి మాట అది, అలవాటుగా వచ్చేసింది.

ఎండలు ముదరకముందు బయల్దేరానన్నాడు మీసాలాయన. ఇప్పుడు ముసురు. ఈ కంప్యూటరుకి దగ్గరున్న బండికి దగ్గరున్న లోడు ఇవ్వడమే తెలుసట. ఒక్కో లోడూ ఒక్కో ఊరు ముందుకి లాక్కుపోతుంది, ఇంటి వైపు వెళ్ళే లోడు పడ్డప్పుడు తను అక్కడ ఉండడు.

"మొన్న ఇంటికి ఫోన్ చేశానన్నా," అన్నాడు నవ్వుతూ. "మా చిన్నది ఎత్తింది. 'నాన్న ఇంట్లో లేరు అంకుల్, తర్వాత చెయ్యండి' అని పెట్టేసింది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మీసాలాయన ముందుగా ఆగిపోయాడు. గ్లాసులోకి చూస్తూ, ఇప్పుడు మళ్ళీ అద్దాల లోడు పడింది, కొండ దారిలో ఇంకా పైకి అన్నాడు. మన ఊరికి పైపుల లోడు కూడా ఉందట, దాన్ని ఎవరో బయటి బండికి ఇచ్చేశారట, పెట్టి పుట్టినవాడు అన్నాడు.

నలభైకి టీ అడ్డదారి పట్టి పొలమారింది. మీసాలాయనే వీపు మీద తట్టాడు.

బండి దగ్గరికి వచ్చి, మెట్టు మీద కూర్చుని, తనతో తను పోట్లాట పెట్టుకున్నాడు. అడ్డా మర్యాద అడ్డావాళ్ళకి. ఇది అడ్డానా? వాడు నీలం బండివాడు. మన లోడ్లు మింగిన కంపెనీవాడు. పైగా ఈ లోడు ఇచ్చింది ఎవరు? ఎన్నో నెలల తర్వాత కూతురు తనంతట తాను ఫోన్ చేసి ఇచ్చింది. ఇంటికి వెళ్ళగానే ఏం చెయ్యాలో కూడా రోడ్డు దాటేలోపే ఆలోచించి పెట్టుకున్నాడు. మాటలేమీ అక్కర్లేదు, గొడుగు తీసి భార్యకి కాకుండా సరాసరి పిల్ల చేతికే ఇస్తాడు. మిగతాది అదే సర్దుకుంటుంది. ఇంత చక్కగా అమరిన దాన్ని మీసాలవాడి కోసం చెడగొట్టుకోవాలా?

ఇలా బాగానే వాదించుకున్నాడు. కానీ ముక్కూ మొహం తెలియని ఆ ఊళ్ళో ఆ రోజు తనని ముందుకు తోసినవాళ్ళు, నీ బండి ఏ రంగని అడగలేదు. ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందని మాత్రమే అడిగారు. అక్కడికి వచ్చేసరికి ఆయన వాదనకి గాలి పోయింది.

ఫోన్ తీసి లోడ్ డెస్కుకి చేశాడు. ఎవరో ఎత్తారు.

"మా అమ్మాయికి ఇవ్వండి," అన్నాడు.

"ఏ అమ్మాయండీ? ఇక్కడ చాలామంది ఉన్నారు."

"మా అమ్మాయండీ. లోడ్లు ఇచ్చే మా అమ్మాయి."

అటువైపు గుసగుసలు, కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఊపిరి వినపడింది.

"వరస తప్పావే," అన్నాడు నలభై.

"ఏంటి నాన్నా?"

ఎన్నో నెలల తర్వాత ఆ మాట సరాసరి ఆయన చెవిలోనే పడింది. రేకు మీద చినుకులు పడుతున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు, సవరింపు సరిపోక ఇంకోసారి సవరించుకున్నాడు.

"ఇక్కడ మీసాలాయన ఒకడున్నాడు. నీలం బండి. మన ఊరే. ఎండాకాలం నుంచీ ఇల్లు చూడలేదు."

"తెలుసు," అంది చిన్నగా.

"తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చాను నాన్నా. అందరి బళ్ళూ కనపడతాయి నాకు, ఎవరు ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందో కూడా. ఆయనకి ఇంకోసారి చూద్దాంలే అనుకున్నాను. నువ్వు ఇంటికి రావాలనిపించింది."

కూతురు చేసిన తప్పు అంత తియ్యగా ఉంటే ఏ తండ్రి తిట్టగలడు? నలభై తిట్టడానికి నోరు తెరిచి, దాన్ని ఆవలింతగా మార్చుకున్నాడు. నయం, అక్కడ కెమెరా లేదు.

"వాళ్ళ చిన్నది ఆయన్ని అంకుల్ అందిట," అన్నాడు. "ఫోన్‌లో."

అటువైపు కీబోర్డు మీద వేళ్ళు నడుస్తున్న చప్పుడు వినపడింది.

"మారిస్తే అద్దాల లోడు నీకు పడుతుంది. కొండ దారి. ఇంకా పైకి వెళ్ళాలి నాన్నా. ఎప్పుడొస్తావో ఏమో."

"వెళతాను. అద్దాలంటే నిదానంగానే వెళ్ళాలి కదా, నన్నెవడూ తిట్టడు."

"కారణం రాయాలి ఇక్కడ. ఏం రాయను?"

"ఇందాక ఏం రాశావు?"

"ఇంటి లోడు అని. ఇదేం లోడని మా సారు అడిగారు. పాత టెక్నికల్ మాట సార్ అన్నాను."

"మళ్ళీ అదే రాయి. ఈసారి నిజమే కదా."

రాసింది. రాశాక మరో భయం వచ్చింది ఆ పిల్లకి.

"అమ్మకి ఎవరు చెబుతారు?"

ఆయన రాత్రి వస్తాడు రేపు వస్తాడు అని ఆవిడ అప్పుడే ఇల్లు కడుగుతోందట. నువ్వు చెప్పు, నువ్వు చెప్పు అని ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు తోసుకున్నారు. కంపెనీయే పంపిందని చెప్పమన్నాడు నలభై. ఆ కంపెనీలో ఉన్నది నేనే కదా, చీపురు నా మీదికే వస్తుంది అంది కూతురు. చివరికి, ఇద్దరూ ఒకేసారి లైన్‌లోకి వచ్చి చెప్పాలని ఒప్పందం కుదిరింది. ఒకరు తడబడితే ఇంకొకరు అందుకోవాలి.

అంతలో అవతల బండి క్యాబిన్‌లోంచి మీసాలాయన ఒక్క దూకు దూకాడు. లోడు మారిందన్నా, పైపులట, మన ఊరట అని నీళ్ళు చిందించుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. కంప్యూటరు పొరపాటు పడినట్టుంది, దిద్దుకునేలోపు ఎక్కించేసుకుంటా అన్నాడు. నిజమే, ఒక్కోసారి వాటికి మతి తప్పుతుంది, త్వరగా పో అన్నాడు నలభై. మీసాలాయన బండి కదిలింది. క్యాబిన్‌లోంచి కీ కీ అని ఒకటే గోల. పాట పాడుతున్నట్టున్నాడు.

నలభై ఫోను చెవి నుంచి తియ్యలేదు. అవతలి పిల్ల మాటలకి గండి పడ్డట్టయింది. ఇన్ని నెలలు దాచుకున్నవన్నీ ఒక్కసారే చెప్పుకొస్తోంది. కుర్చీ ఒక కాలు పొట్టిదట, మడిచిన అట్టముక్క పెట్టిందట. మొదటి వారం ఒక బండిని సగం దూరం తప్పు ఊరికి పంపి బాత్‌రూమ్‌లో ఏడ్చిందట. ఇంతమంది డ్రైవర్లు ఇళ్ళకి వెళ్ళకుండా తిరుగుతుంటే, తెర మీద అవన్నీ చుక్కల్లా కనపడుతుంటే, రాత్రి కళ్ళు మూసుకున్నా చుక్కలేనట. ఇంటి లోడు లెక్క దీంట్లో పెట్టించాలి నాన్నా, మా సారు వింటాడో లేదో, అడ్డాలో ఒకే ఊరివాళ్ళు ఇద్దరుంటే ఎలా తేల్చేవాళ్ళు, చెప్పు అంది. ఈయన చెప్పడం మొదలుపెట్టాడు. అది కాదు ఇది అని పిల్ల అడ్డం వచ్చింది. నీకేం తెలుసే అన్నాడు. అన్నీ నువ్వు చెప్పినవే కదా అంది. ఇద్దరూ హాయిగా పోట్లాడుకున్నారు.

"ఉండు నాన్నా, ఇంకో లైన్ మోగుతోంది. పెట్టెయ్యకు. వచ్చేస్తాను."

టక్కుమని శబ్దమై, కంపెనీవాళ్ళ సంగీతం మొదలైంది. పీపీమంటూ ఏదో బూర. మధ్యలో ఒకావిడ వచ్చి, మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి అంటోంది. అలాగే తల్లీ అన్నాడు నలభై.

అద్దాలు ఎక్కించే కూలీలు దూరం నుంచి ఈయన బండి నంబరు పిలిచారు. బండి తెమ్మని చేతులు ఊపుతున్నారు. ఆయన జాకెట్టు నెత్తి మీదికి లాక్కుని, ఫోను తడవకుండా చెవికి ఇంకా దగ్గరగా పట్టుకుని, ఆగమని వాళ్ళకి అరచెయ్యి చూపించాడు. బూర పీపీమంటూనే ఉంది. అది ఆగేదాకా ఆయన అక్కణ్ణించి కదిలేలా లేడు.